ఆమోదం ఉన్నా అలారం మోగకపోవచ్చు: కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు, కేంద్ర కమ్యూనికేషన్లు, గ్రామీణాభివృద్ధి శాఖల సహాయ మంత్రి శ్రీ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారాలు.

నేను గుంటూరులో పంతొమ్మిదేళ్లుగా ఇళ్లకు, దుకాణాలకు దొంగల అలారాలు బిగించే పని చేస్తున్నాను. తలుపులకు మాగ్నెట్ సెన్సర్లు, గదుల్లో మనిషి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్లు, లోపల గోడకు ఆ సెన్సర్ల సంకేతాలు అందుకునే ప్యానెల్, బయట సైరన్ బిగించడమే నా జీవనాధారం. మీరు మా నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారన్న చనువు కొంత ఉన్నా, ఈ లేఖ మీకే రాయడానికి కారణం అది కాదు. వైర్‌లెస్ పరికరాలకు ఆమోదం ఇచ్చే డబ్ల్యూపీసీ విభాగం, టెలికాం పరికరాలకు ప్రమాణాలు రూపొందించే టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ రెండూ మీ మంత్రిత్వ శాఖ పరిధిలోనివి. నేను చెప్పదలచుకున్నది ఆ రెండూ కలిసి సరిచేయగల లోపం.

రెండేళ్ల క్రితం సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఒక మందుల దుకాణం యజమాని, వేరెవరో బిగించి వెళ్లిన వైర్‌లెస్ అలారాన్ని ఒకసారి చూసి పొమ్మని నన్ను పిలిచారు. పండక్కి దుకాణం మూసి ఊరికి వెళ్తున్నారు, మనసులో ధైర్యం కావాలి, అంతే. నేను షట్టరు సెన్సరు మూత విప్పి, బ్యాటరీ తీసి ఆయన చేతిలో పెట్టి, ఇప్పుడు షట్టరు పైకి లేపమన్నాను. సైరన్ మోగలేదు. బ్యాటరీ లేదు గనుక మోగదని ఆయనకూ తెలుసు. ఆయన ఊహించనిది ప్యానెల్ మీది పచ్చ దీపం. షట్టరు బార్లా తెరిచి ఉండగా, అన్నీ భద్రంగా మూసి ఉన్నాయని చెప్పే ఆ దీపం మేము టీ తాగి వచ్చినా, మరో గంట కూర్చున్నా అలాగే వెలుగుతూ ఉండిపోయింది. బ్యాటరీ దానంతటదే అయిపోతే నాకెలా తెలుస్తుందని ఆయన అడిగారు. తెలియదండీ అన్నాను. ఆయన లోపలికి వెళ్లి పాత అట్టపెట్టె వెతికి తెచ్చి, దాని మీద ముద్రించిన ఈటీఏ సంఖ్యను వేలితో చూపించి, ఇది ప్రభుత్వం ఒప్పుకున్న వస్తువే కదా అన్నారు. నేనిచ్చిన జవాబు ఆయనకు తృప్తి కలిగించలేదు, నాకూ కలిగించలేదు.

ఈటీఏ అంటే పరికరం రకానికి ఇచ్చే ఆమోదం. లైసెన్సు అవసరం లేని ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే పరికరం ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత శక్తితో, ఎంత వెడల్పు తీసుకుని ప్రసారం చేస్తున్నదో ప్రయోగశాల నివేదిక చూపితే ఆ ఆమోదం వస్తుంది. 2019 నుంచి చాలా రకాల పరికరాలకు సరళ్ సంచార్ పోర్టల్‌లో స్వీయ ప్రకటనతోనే అది దొరుకుతోంది. నెలల తరబడి తిరగాల్సిన బాధ తప్పింది, ఆ సంస్కరణను నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను, ఇప్పుడూ దాన్ని వెనక్కి తీసుకోమనడం లేదు. అయితే ఆ పత్రం జవాబిచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ వస్తువు పక్కవాడి ప్రసారానికి అడ్డు తగులుతుందా, లేదా? కొన్నవాడి ఇంటికి అది కాపలా కాస్తుందా అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. కారు తాళానికో, పిల్లల బొమ్మకో మొదటి ప్రశ్న చాలు. అలారం సెన్సరుకు చాలదు.

మొదటి ప్రశ్న విషయంలోనైనా బజారులో పరిస్థితి బాగుందని చెప్పలేను. మన దేశంలో 433–434 మెగాహెర్ట్జ్ పరిధిని ఇళ్ల లోపల 10 మిల్లీవాట్ల లోపు శక్తితో వాడుకోవచ్చు. 865–867 పరిధిని 2021 చివర్లో 868 దాకా పెంచారు. ఐరోపా కోసం తయారైన సెన్సర్లలో ఎక్కువ భాగం 868కి కాస్త పైన, అంటే మన హద్దుకు బయట పనిచేస్తాయి. అమెరికా సెన్సర్లు 319.5 లోనో, 345 లోనో, 902–928 మధ్యనో పనిచేస్తాయి, ఈ చివరి పరిధిలో కొంత భాగం ఇక్కడ మొబైల్ ఫోన్లకు కేటాయించినది. మన జిల్లాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఎన్నో మీకు చెప్పనక్కర్లేదు. అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటున్నారన్న బెంగతో అలారం కిట్లను సూట్‌కేసులో పెట్టి తెచ్చి, బిగించమని నా చేతిలో పెడతారు. ఇది ఇక్కడ వాడకూడదు బాబూ అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వారి ముఖం చూడలేకపోతాను.

ఇక అసలు విషయానికి వస్తాను. చవక సెన్సరు ఒకవైపు మాత్రమే మాట్లాడుతుంది. తలుపు తెరుచుకున్నప్పుడు ఒక సంకేతం పంపి ఊరుకుంటుంది, అది ప్యానెల్‌కు చేరిందో లేదో దానికి తెలియదు. తలుపు మూసి ఉన్నంతసేపు మౌనంగా ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా మౌనమే, ఎవరో పీకి పారేసినా మౌనమే, పక్కన మరేదో పరికరం దాని గొంతు నొక్కేసినా మౌనమే. ప్యానెల్ మాత్రం ఆ మౌనాన్ని ప్రతిసారీ క్షేమంగానే అర్థం చేసుకుంటుంది. మీరు వైద్యులు. ఐసీయూలో రోగి ఛాతీ మీది ఈసీజీ తీగ ఊడిపోతే మానిటర్ ఊరుకోదు, గుండె చప్పుడు సాగుతున్నట్టు పాత గీతను గీస్తూ కూర్చోదు. తీగ ఊడిందని వేరుగా మోగి చెబుతుంది. అలా చెప్పని మానిటర్‌ను మీరు వార్డులో ఉంచనిస్తారా?

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. సెన్సరు మధ్యమధ్యలో నేను బతికే ఉన్నాను అని ప్యానెల్‌కు ఒక చిన్న సంకేతం పంపాలి. అది గడువులోగా అందకపోతే ప్యానెల్ యజమానిని హెచ్చరించాలి. మా పనిలో దీన్ని సూపర్‌విజన్ అంటాం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50131 అలారాలను నాలుగు గ్రేడ్లుగా విభజించి, ఈ సంకేతానికి గరిష్ఠ వ్యవధిని మొదటి గ్రేడుకు 240 నిమిషాలుగా, రెండో గ్రేడుకు 120 నిమిషాలుగా, మూడో గ్రేడుకు 100 సెకన్లుగా నిర్ణయించింది. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధనల 15వ భాగం, భద్రతా పరికరాల సెన్సర్లు ఇలాంటి సంకేతాల కోసం గంటకు మొత్తం 2 సెకన్ల దాకా ప్రసారం చేయడానికి ప్రత్యేకంగా అనుమతిస్తుంది. తరంగాల్లో రద్దీ పెరగకూడదని చూసే సంస్థే ఈ 2 సెకన్లను పక్కకు తీసి పెట్టిందంటే, ఆ సంకేతం విలువను గుర్తించిందన్నమాట.

అలా గంటగంటకూ పలికితే బ్యాటరీ త్వరగా అయిపోతుందని కొందరు అమ్మకందారులు నాతో వాదించారు. లెక్క వేసి చూశాను. గంటకోసారి 50 మిల్లీసెకన్ల పాటు 20 మిల్లీఆంపియర్లు వాడినా, ఏడాదికి 8,760 గంటలకు కలిపి ప్రసార సమయం 438 సెకన్లే. ఖర్చయ్యేది సుమారు 2.4 మిల్లీఆంపియర్ అవర్లు. గుండ్రటి సీఆర్2032 బ్యాటరీలో ఉండేది దాదాపు 220. అంటే ఏడాది కాపలాకు నూటికి ఒక వంతు. ఆ ఒక్క వంతును మిగిల్చడానికి ఇంటి భద్రత మొత్తాన్ని వదులుకోవడం ఏ లెక్కన చూసినా సమంజసం కాదు.

రెండో లోపం కోడ్‌కు సంబంధించినది. 433 మెగాహెర్ట్జ్ సెన్సర్లలో విరివిగా కనిపించే ఈవీ1527 తరహా చిప్ ప్రతిసారీ ఒకే కోడ్ పలుకుతుంది. ఒకసారి విన్నవాడు దాన్నే తిరిగి పలికించవచ్చు. ఇందుకు పెద్ద చదువు అక్కర్లేదు, తాళంచెవులు చేసే దుకాణాల్లో ఇలాంటి రిమోట్లకు నకలు చేసే యంత్రం ఉంటుంది. అలారాన్ని ఆపే రిమోట్ కూడా అదే చిప్‌తో పనిచేస్తే, దాని నకలు ఇంటి తాళంచెవి నకలుతో సమానం. ప్రతిసారీ మారే కోడ్‌తో పనిచేసే చిప్‌లు దశాబ్దాలుగా ఉన్నాయి. ఇక సంకేతాలను అడ్డుకునే సిగ్నల్ జామర్ల మాటకు వస్తే, అనుమతి లేకుండా వాటిని కొనడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని 2022 జనవరిలో మీ శాఖే ఈ-కామర్స్ సంస్థలను హెచ్చరించింది. అవి దొంగచాటుగా దొరుకుతున్నందుకే కదా ఆ హెచ్చరిక అవసరమైంది. తన ఫ్రీక్వెన్సీని ఎవరో ఆగకుండా అడ్డుకుంటున్నారని పసిగట్టి చెప్పగల ప్యానెళ్లు ఉన్నాయి, కానీ చెప్పలేనివాటికీ వాటికీ మధ్య తేడా కొనేవాడికి పెట్టె మీద కనిపించదు.

సీసీ కెమెరాల విషయంలో ప్రభుత్వం ఈ దారిలో ఇప్పటికే నడిచింది. ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో వాటికి తప్పనిసరి భద్రతా అవసరాలను ప్రకటించింది, 2025 ఏప్రిల్ 9 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అదే గోడ మీద, అదే కెమెరా పక్కన ఉండే అలారం సెన్సరుకు ఆ నిబంధనలు వర్తించవు. మీ శాఖ కిందనున్న టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ 2021లో వినియోగదారులు వాడే, ఇంటర్నెట్‌కు కలిసే (ఐఓటీ) పరికరాల భద్రతకు ఒక ఆచరణ నియమావళిని వెలువరించింది. అందులోని మాటలన్నీ మంచివే, కానీ అది సలహాగానే ఉండిపోయింది. బ్రిటన్ ఇంటర్నెట్‌కు కలిసే గృహ పరికరాలపై 2024 ఏప్రిల్ 29 నుంచి, ఐరోపా సమాఖ్య అలాంటి రేడియో పరికరాలపై 2025 ఆగస్టు 1 నుంచి కనీస భద్రతను చట్టపరమైన బాధ్యతగా మార్చాయి. అక్కడ అమ్మడానికి వీల్లేని సరుకు ఎక్కడికి ప్రవహిస్తుందో ఆలోచిస్తే నాకు భయం వేస్తుంది.

కనుక నా విన్నపం ఇది. టెలికమ్యూనికేషన్ల చట్టం 2023లోని 19వ సెక్షన్ పరికరాలకు ప్రమాణాలు, వాటి నిర్ధారణ పద్ధతులు ప్రకటించే అధికారాన్ని కేంద్రానికి ఇస్తోంది. దాని కింద, అలారం సెన్సరు అన్న పేరుతో అమ్మే ప్రతి వైర్‌లెస్ పరికరం గంటకోసారైనా తన ఉనికిని తెలపాలని, బ్యాటరీ తగ్గినా మూత విప్పినా చెప్పాలని, స్థిరమైన కోడ్ వాడకూడదని, ప్యానెల్ అడ్డంకిని గుర్తించాలని నిర్దేశించండి. దొంగల అలారాలకు అంతర్జాతీయంగా ఐఈసీ 62642 శ్రేణి ప్రమాణాలు సిద్ధంగా ఉన్నాయి గనుక ఆధారం కోసం వెతుక్కోనవసరం లేదు. పరీక్షలకు మన రెండు రాష్ట్రాల్లోనే కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎస్‌టీక్యూసీకి హైదరాబాద్‌లో, సమీర్‌కు విశాఖపట్నంలో కేంద్రాలు ఉన్నాయి.

చిన్న తయారీదారుల భయం నాకు తెలుసు, వారిలో కొందరు నా స్నేహితులు. ఒకే రేడియో మాడ్యూల్ వాడే పది రకాల సెన్సర్లకు ఒకే పరీక్ష చాలునని అనుమతించండి, మొదటి రెండేళ్లు పరీక్ష రుసుములో రాయితీ ఇవ్వండి. ఇదంతా అమలు కావడానికి కాలం పడుతుందంటే, ఒక్క పని మాత్రం వెంటనే చేయవచ్చు: సెన్సరు మూగబోతే ఈ ప్యానెల్ హెచ్చరిస్తుంది లేదా హెచ్చరించదు అన్న ఒక్క వాక్యం పెట్టె మీద తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో ముద్రించాలని ఆదేశించండి. కొనేవాడు ఆ వాక్యం చదివి తానే నిర్ణయించుకుంటాడు.

ఏటా సంక్రాంతికి హైదరాబాద్‌లో వీధులకు వీధులు తాళాలు వేసుకుని ఊళ్లకు తరలివస్తాయి. ఊరెళ్లే ముందు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పోలీసులు ప్రతి ఏడాది చెబుతారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లలో కెమెరా పెట్టి కనిపెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ ఏర్పాటును తెచ్చారు. అందరి ఇంటికీ పోలీసులు కాపలా కాయలేరు గనుకనే జనం నాలాంటివాడిని పిలిచి, కష్టార్జితంలోంచి కొన్ని వేలు తీసి ఈ సెన్సర్లు కొంటున్నారు.

ఆ మందుల దుకాణంలో చివరికి నేను గోడలు తొలిచి వైరు లాగాను, పండగ ముందురోజు రాత్రి పదకొండు దాకా పని సాగింది. వైరు తెగితే ప్యానెల్‌కు ఆ క్షణమే తెలుస్తుంది. కానీ అద్దె ఇంట్లో ఉండేవారు, కొత్తగా రంగులు వేయించుకున్నవారు, పెంకుటింట్లో ఉండే వృద్ధులు గోడలు తొలిపించుకోలేరు. వారికి వైర్‌లెస్ తప్ప దారి లేదు. ఇన్నేళ్లలో నేను పక్కన పెట్టిన సెన్సర్లు నా దగ్గర ఒక సంచి నిండా ఉన్నాయి. మీ అధికారులు ఏ ప్రయోగశాలకు తెమ్మంటే అక్కడికి నా సొంత ఖర్చుతో తెచ్చి, ఒక్కొక్కటి ఎలా మూగబోతుందో వారి ముందే చూపిస్తాను. పిలుపు కోసం ఎదురు చూస్తుంటాను.

ఇట్లు
భవదీయుడు,
గుంటూరుకు చెందిన ఒక అలారం టెక్నీషియన్