అడిగినవాళ్లను బయటపెట్టే సెట్టింగ్ ఎవరిది? కేంద్ర ఐటీ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. కాలేజీ పని అయ్యాక తెలుగులో ప్రశ్నలు అడిగే, జవాబులు చెప్పే ఆన్‌లైన్ వేదికల్లో రాస్తుంటాను. ఎడ్యుకేషన్ లోన్లు, కౌన్సెలింగ్, బ్యాంకు పరీక్షలు, నాకు తెలిసినవి ఇంతే. నేను రాసే చోటు పేరు ఇక్కడ చెప్పను. దీన్ని ఒక కంపెనీ మీద ఫిర్యాదుగా చూసి పక్కన పెట్టేస్తారేమోనని నా భయం. నేను చెప్పబోయేది చాలా చోట్ల ఉన్నదే, మీ శాఖ తలుచుకుంటే సరిచేయగలిగిందే.

ముందు అక్కడ జనం ఏం అడుగుతారో చెప్పాలి. పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లల్లేరు, టెస్టులు ఆయనకు కూడా చేయించమని ఎలా అడగాలి? చిట్టీ డబ్బు మునిగింది, ఇంట్లో ఎప్పుడు చెప్పాలి? ఇంటర్ తప్పాను, హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదు. వేరే కులం అబ్బాయిని చేసుకుంటే నాన్న పొలంలో నాకు హక్కు పోతుందా? వీటిని ఇంట్లో అడగలేరు. ఊళ్లో డాక్టర్ని అడిగితే కాంపౌండర్‌కి తెలుస్తుంది, లాయర్ని అడిగితే బాబాయికి తెలుస్తుంది. అందుకే ముక్కూ మొహం తెలియని వాళ్లను అడుగుతారు. ఫొటోలు పెట్టుకునే సోషల్ మీడియాకూ ఈ వేదికలకూ తేడా ఇక్కడే ఉంది. అక్కడ మనిషి తనకు బాగున్నది చూపిస్తాడు, ఇక్కడ బాగాలేనిది చెప్పుకుంటాడు.

మరి అలా చెప్పుకున్న మనిషి ఎలా దొరికిపోతాడు? హ్యాకింగ్ ఏమీ అక్కర్లేదు. ప్రొఫైల్ మీద నొక్కితే ఆ మనిషి అడిగిన ప్రశ్నలూ, రాసిన జవాబులూ, కామెంట్లూ అన్నీ ఒకే చోట వరసగా కనిపిస్తాయి. నమ్మకం పెరుగుతుందంటూ చదువు, ఉద్యోగం, ఊరు నింపమని వేదికే పదేపదే అడుగుతుంది. గూగుల్‌లో పేరు కొడితే ప్రొఫైల్ పైనే తేలుతుంది. ఎవరైనా మెసేజ్ పంపొచ్చు. ఇవన్నీ ఆపే సెట్టింగులు ఉంటాయి, కాదనను. కాకపోతే అకౌంట్ తెరిచిన రోజున అవన్నీ బార్లా తెరిచే ఉంటాయి; మూసుకోవాలంటే నాలుగైదు పేజీలు లోపలికి వెళ్లి, తరచూ ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు అర్థం చేసుకుని, ఒక్కొక్కటీ ఆపుకుంటూ రావాలి.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. ఒక టీచరమ్మ విడాకుల గురించి, పిల్లాడి కస్టడీ గురించి ఒక ప్రశ్న అడిగారు. ఎవరి పేరూ ఎత్తలేదు. కింద ఒకడు వెటకారం మొదలుపెట్టాడు, ఇంకో ఇద్దరు తోడయ్యారు. వాళ్లలో ఒకడు ఆమె ప్రొఫైల్ తిరగేశాడు. ఒక పాత జవాబులో తను పనిచేసే పట్టణం ఉంది, ఇంకోదాంట్లో బీఈడీ చేసిన కాలేజీ ఉంది, మరోదాంట్లో పండక్కి తీసిన ఫొటో ఉంది. విడివిడిగా చూస్తే ఏదీ రహస్యం కాదు. మూడూ కలిపేసరికి ఆ ప్రశ్న స్క్రీన్‌షాట్ ఆమె అత్తింటివారి వాట్సాప్ గ్రూపుకి చేరింది. ఆమె అకౌంట్ తీసేశారు. పిల్లలకు భిన్నాలు భయం లేకుండా ఎలా నేర్పాలో ఎంతో ఓపిగ్గా రాసిన జవాబులు కూడా దాంతోపాటే పోయాయి. ట్రోలింగ్ అంటే మనసు నొప్పించే నాలుగు మాటలే అనుకునేవాళ్లు ఈ రెండో నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆమెను తిట్టినవాళ్లు మాత్రం ఇంకా అక్కడే ఉన్నారు.

ఇప్పుడు చట్టం దగ్గరకు వస్తాను. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల జరిమానా దాకా ఉన్న గట్టి చట్టమే. కానీ అందులో 3వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది: తన వివరాలను ఆ వ్యక్తే బహిరంగపరిస్తే వాటికి ఈ చట్టం వర్తించదు. సోషల్ మీడియాలో తన అభిప్రాయాలు రాస్తూ సొంత వివరాలు బయటపెట్టిన వ్యక్తిని చట్టమే ఉదాహరణగా చూపింది.

మంత్రి గారూ, నా ప్రశ్న అంతా ఇక్కడే. ఆ టీచరమ్మ వివరాలను ఎవరు బహిరంగపరిచారు? ఆమెనా, కంపెనీ ముందే ఆన్ చేసి ఉంచిన సెట్టింగా? ఆమె ప్రశ్న అడిగింది నిజం. ఆ ప్రశ్నను తన పాత జవాబులతో, ఫొటోతో, ఊరితో కలిపి ప్రపంచానికి చూపించమని ఆమె ఎవరినీ అడగలేదు. తెరిచి ఉన్న డిఫాల్ట్‌ని, అంటే కంపెనీ ముందే పెట్టి ఉంచిన సెట్టింగ్‌ని కూడా ఆమె ఇష్టమే అనుకుంటే, ఈ వేదికల్లో రాసే మాలాంటివాళ్లకు ఆ చట్టం పుస్తకంలోనే మిగులుతుంది. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, తెలిసి ఇచ్చిందై ఉండాలని అదే చట్టం 6వ సెక్షన్ అంటోంది. ఎన్నడూ చూడని పేజీలో ముందే పడి ఉన్న టిక్కు తెలిసి ఇచ్చిన సమ్మతి ఎలా అవుతుంది?

దీనికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 25వ అధికరణం, మనిషి స్వయంగా పూనుకుంటే తప్ప అతని వివరాలు లెక్కలేనంత మందికి కనిపించేలా డిఫాల్ట్ ఉండకూడదని చెబుతుంది. పిల్లలు వాడే సర్వీసుల్లో సెట్టింగులు మొదటి నుంచీ గట్టి గోప్యతతో ఉండాలని బ్రిటన్ 2020లో తెచ్చిన కోడ్ చెబుతుంది. కంపెనీలు చేయలేవనీ కాదు. 2012 ఆగస్టులో ప్రశ్నలు, జవాబుల వేదిక కోరా, ఏ ప్రశ్నను ఎవరెవరు చూశారో అందరికీ కనిపించే ఏర్పాటు ఒకటి పెట్టింది. జనం గోల చేస్తే అదే నెలలో వెనక్కి తీసుకుంది. నెల తిరక్కుండా తీసేయగలిగినదాన్ని మొదట్లోనే పెట్టకుండా ఉండడం ఎంత పని? అక్కడ గోల చేసింది ఇంగ్లిష్‌లో రాసే, టెక్నాలజీ తెలిసిన జనం కాబట్టి వినిపించింది. నరసరావుపేట నుంచో నిర్మల్ నుంచో ఫోన్‌లో తెలుగు టైప్ చేసే మనిషి గోల ఎవరికి వినిపిస్తుంది?

ఈ మాట ఎత్తగానే మీకు ఇంకో సలహా కూడా అందుతుందని తెలుసు: అందరి అకౌంట్లకూ ఆధార్ లింక్ చేయండి, అసలు పేరుతోనే రాయించండి, ట్రోల్స్ వాటంతటవే పోతాయి అని. దయచేసి ఆ దారి పట్టకండి. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లన్నిటికీ అసలు గుర్తింపు తప్పనిసరి చేసింది. 2011లో అక్కడి ఒక పెద్ద పోర్టల్ మీద దాడి జరిగి సుమారు మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. మరుసటి ఏడాది ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. కోరా సంగతే చూడండి. 2018 డిసెంబరులో దాదాపు 10 కోట్ల మంది డేటా పోయిందని ఆ కంపెనీ ప్రకటించింది. పేరు లేకుండా రాసినవాళ్లకు మాత్రం ముప్పు లేదని చెప్పింది, ఎందుకంటే వాళ్లెవరో ఆ కంపెనీ దాచుకోలేదు. దాచుకోనిది పోయే అవకాశం ఉండదు.

మా తెలుగువాళ్లకు అసలు పేరుతో ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు చూస్తే చాలు, కులం పట్టేసేవాళ్లు మాలో కోకొల్లలు. రిజర్వేషన్ల మీదో, అమరావతి మీదో, ఒక హీరో సినిమా మీదో ఏం రాసినా కింద పడే మొదటి కామెంట్ "మీ ఇంటిపేరు చూడగానే అర్థమైంది లెండి" అనే. అక్కడితో చర్చ అయిపోయినట్టే. దళిత విద్యార్థి ఒకరు హాస్టల్లో జరుగుతున్న అవమానం గురించి అడగాలంటే మారుపేరు తప్ప దిక్కు లేదు. కోరా కూడా 2021లో అసలు పేరు నిబంధన వదిలేసింది.

మరి నమ్మకం మాటేమిటి? బీపీ మాత్ర ఆపొచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది డాక్టరా, వాట్సాప్ వైద్యుడా తెలియాలి కదా. తెలియాలి. అయితే గుర్తింపు చూపించాల్సింది సలహా ఇచ్చేవాడు, అడిగేవాళ్లు కాదు. పెద్ద వేదికలు కోరుకున్నవారికి ధ్రువీకరణ ఇచ్చి గుర్తు చూపించాలని 2021 ఐటీ నియమాల్లోనే ఉంది. దాన్ని కొంచెం పొడిగిస్తే సరిపోతుంది: రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరనో, బార్ కౌన్సిల్‌లో నమోదైన లాయరనో చూపించి, పేరు మాత్రం చూపించని ధ్రువీకరణ. ఇప్పుడు జరుగుతున్నది తిరగబడిన వ్యవహారం. అడిగేవాళ్ల బతుకంతా బయట ఉంటుంది, "ఎండీ" అని పెట్టుకున్నవాణ్ణి ఏ కాలేజీ అని అడిగేవాడు ఉండడు.

పిల్లల విషయం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. నేను పాఠం చెప్పే పిల్లలు నిన్నమొన్నటిదాకా ఇంటర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు. ఈఏపీసెట్, నీట్ టెన్షన్‌లో రాత్రి ఏ వేళకు ఏం ప్రశ్నలు అడిగారో వాళ్లే చెబుతారు. కొత్త చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లో నాన్న కొడుతున్నాడని, ఈ గ్రూపు నాకొద్దంటే వినడం లేదని అడగాలనుకునే పదిహేడేళ్ల అమ్మాయి ముందు నాన్న దగ్గర ఓటీపీ తీసుకోవాలా? తీసుకోదు. పుట్టిన సంవత్సరం మార్చి పెద్దదానిలా లోపలికి వస్తుంది. అప్పుడు పిల్లలకంటూ పెట్టిన రక్షణ ఒక్కటి కూడా ఆమెకు అందదు, ప్రొఫైల్ బార్లా తెరిచే ఉంటుంది, ఎవడైనా మెసేజ్ పెట్టగలడు. మూసిన డిఫాల్ట్ అందరికీ ఉంటే, అబద్ధం చెప్పి వచ్చిన పిల్లను కూడా అదే కాపాడుతుంది. అనుమతి పత్రం ఆ పని చేయలేదు.

ఇక ఫిర్యాదులు. తెలుగు బూతును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే తరచూ ఫిల్టర్లకు దొరకదు. కులాన్ని గుచ్చే సామెతనో, డబుల్ మీనింగ్ డైలాగునో రిపోర్ట్ కొడితే "మా నియమాలకు విరుద్ధంగా లేదు" అని జవాబు వస్తుంది. చూసింది మనిషో మెషీనో తెలియదు, తెలుగు మాత్రం రాదని తెలిసిపోతుంది. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలనే నియమం ఉంది, చాలామంది చెబుతున్నారు కూడా. అందినట్టు చెప్పడం వేరు, చదవడం వేరు. వేదికల నియమాలు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని తెలుగు వంటి భాషల్లో దొరకాలని 2022 అక్టోబరులో మీ శాఖే సవరణ తెచ్చింది. ఆ సవరణతోనే వచ్చిన, వేదిక ఇచ్చిన జవాబు మీద అప్పీలు వినే అప్పిలేట్ కమిటీలు మూడూ 2023 మార్చి నుంచి పనిచేస్తున్నాయి. నియమాలు తెలుగులో దొరికి, ఆ నియమం తప్పినవాడి మీద ఫిర్యాదును తెలుగు తెలిసిన మనిషి చూడకపోతే ఆ సవరణ సగంలో ఆగినట్టే. మీరు ఒడిశాలో కలెక్టర్‌గా పనిచేసినవారు. అర్జీదారు మాట అర్థం కాని గుమస్తాను అర్జీల కౌంటర్లో కూర్చోబెట్టి ఉండరు. ఎన్ని భాషల్లో సర్వీసు అమ్ముతున్నారో అన్ని భాషలూ వచ్చిన మనుషులు ఫిర్యాదులు చూడాలని, భాషలవారీగా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నిటిని మనుషులు చూశారు అన్నది నెలవారీ నివేదికలో చెప్పాలని నియమం పెట్టండి. 50 లక్షలకు పైగా యూజర్లున్న కంపెనీలు ఆ నివేదిక ఎలాగూ ఇస్తున్నాయి, ఒక పట్టిక పెరుగుతుంది అంతే.

పోలీసుల గురించి ఎక్కువ రాయను. వెంటపడి ఆన్‌లైన్‌లో నిఘా పెట్టేవాడికి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ఉంది, తెలంగాణలో ఆడవాళ్ల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. స్టేషన్ మెట్లెక్కగలిగిన మనిషి అసలు ఆ ప్రశ్నను పేరు లేకుండా ఎందుకు అడుగుతుంది?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఏది మంచి జవాబు, ఏది చెడ్డ జవాబు అని ప్రభుత్వం తేల్చాలని నేను అడగడం లేదు. ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు రాస్తే శిక్ష అన్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌తో ఏం జరిగిందో చూశాం, 2015లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. కేంద్ర ప్రభుత్వం గురించి రాసినదాంట్లో ఏది అబద్ధమో ప్రభుత్వ విభాగమే తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధనను 2024లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. నేను అడుగుతున్నది మాటల గురించి కాదు, స్విచ్చుల గురించి. కొత్త అకౌంట్ తెరిచినప్పుడు ప్రొఫైల్ చరిత్ర మూసి ఉండాలి. తెలియనివాళ్ల మెసేజ్‌లు ఆగి ఉండాలి. సెర్చ్ ఇంజిన్‌కు పేరు అందకూడదు. రాసినదాన్ని ఏఐ శిక్షణకు వాడుకునే టిక్కు ఖాళీగా ఉండాలి. ఎవరికైనా తెరుచుకోవాలనిపిస్తే తెరుచుకుంటారు. నాలాంటి లెక్చరర్లు తెరుచుకునే ఉంటాం, పేరొస్తుందని మాకూ ఆశే కదా.

3వ సెక్షన్‌ని సవరించాలంటే పార్లమెంటుకు వెళ్లాలి, తెలుసు. ఐటీ నియమాలను మాత్రం 2022లో, 2023లో నోటిఫికేషన్లతోనే మార్చారు. 2025 నవంబరులో డేటా రక్షణ నిబంధనలు ప్రకటిస్తూ ప్రధాన సెక్షన్ల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్ మార్చుకునేది ఈ గడువులోనే కాబట్టి, డిఫాల్ట్ సంగతి కూడా ఇప్పుడే చెబితే వాళ్లకూ ఒకే ఖర్చుతో పోతుంది. ముసాయిదా తెస్తే తెలుగులో కూడా పెట్టి అభిప్రాయాలు అడగండి. ఇంగ్లిష్‌లో చదివి అభిప్రాయం పంపగలిగిన వాళ్లకు ఈ సెట్టింగులతో పెద్ద ఇబ్బంది లేదు.

ఇట్లు,
తెలుగులో జవాబులు రాసే ఒక లెక్చరర్