మౌఖిక చరిత్ర విభాగం వార్షిక నివేదిక: మళ్లీ ఆ గుమ్మాల దగ్గరికి

గౌరవ సభ్యులకు నమస్కారం.

మనుషుల జ్ఞాపకాలను వాళ్ల గొంతుతోనే దాచే మన పనిలో, ఈ ఏడాది రికార్డు చేసిన సంభాషణలు నిరుటి కంటే తక్కువ. ఈ మాట నివేదికలో ఎక్కడో చివర్న పెట్టడం ఇష్టం లేక ముందే చెబుతున్నాను. కొత్తవాళ్లను కలవాల్సిన సమయంలో చాలా భాగం, ఇదివరకు మాతో మాట్లాడినవాళ్ల ఇళ్లకు మళ్లీ వెళ్లడానికే పట్టింది. ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో మీకు వివరంగా తెలియాలి.

ఏడాది మొదట్లో పెట్టిన బహిరంగ సభ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇళ్లు పోయిన కుటుంబాల జ్ఞాపకాలు ఆ రోజు విషయం. హాలు నిండింది. వక్తల ప్రసంగాల మధ్య మన దగ్గరున్న రికార్డింగుల్లోంచి కొన్ని ముక్కలు వినిపించాం. అందులో ఒక పెద్దావిడ గొంతు ఉంది. ఇల్లు పోయాక భర్త పనికి వెళ్లడం మానేసిన సంగతి, ఆమె ఎవరెవరి దగ్గర చేబదులు తీసుకుందో, అదంతా చెబుతోంది. ఆమె తన కొడుకు, కోడలితో కలిసి మూడో వరసలో కూర్చుని ఉంది. ఆ సంగతులు కొడుకు వినడం అదే మొదటిసారి. ఆ ముక్క అయిపోకముందే ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆమె సంతకం చేసిన అనుమతి పత్రం మా ఫైల్లో ఉంది. కాగితం ప్రకారం తప్పేమీ లేదు. మర్నాడు ఇద్దరం క్షమాపణ చెప్పడానికి వెళ్తే ఆమె కోప్పడలేదు. "నేను చెప్పింది నీకమ్మా, సభకు కాదు" అంది, అంతే. ఈ సంగతి ఇక్కడ రాయవచ్చా అని తర్వాత ఆమెనే అడిగాం. పేరు లేకుండా రాయమంది.

ఆ ఒక్క మాటతో మన పద్ధతి మొత్తం మార్చుకున్నాం. ఇప్పుడు అనుమతి మూడుసార్లు అడుగుతున్నాం. రికార్డు చేసే రోజున ఒకసారి. తర్వాత రికార్డింగు అంతా వారికే వినిపించి మరోసారి. సభలో గానీ ప్రదర్శనలో గానీ వినిపించే ముందు, ఏ ముక్క, ఎవరి ఎదుట అని చెప్పి ఇంకోసారి. పేరు ఉంచాలా వద్దా, ఏ భాగం తీసేయాలి, ఎన్నేళ్ల దాకా బయటపెట్టకూడదు అన్నవి వాళ్లే నిర్ణయిస్తారు.

ఒక్క విషయంలో మాత్రం మాట ఇవ్వడం మానేశాం. "ఇది ఎవరికీ తెలియదు, మాది పూచీ" అని ఇకపై అనం. అమెరికాలో బోస్టన్ కాలేజీ 2001లో ఉత్తర ఐర్లండ్ సాయుధ ఘర్షణల్లో పాల్గొన్నవారి జ్ఞాపకాలను సేకరించడం మొదలుపెట్టింది. చెప్పినవాళ్లు బతికి ఉండగా అవి బయటకు రావని వారికి నమ్మకం కలిగించారు. 2011లో ఆ రికార్డింగుల కోసం కోర్టు నోటీసులు వచ్చాయి. చివరికి కొన్ని పోలీసుల చేతికి వెళ్లాయి. అంత పెద్ద సంస్థ నిలబెట్టుకోలేని మాట మనం నిలబెట్టుకోగలమా? అందుకే, చట్టం అడిగితే ఇవ్వాల్సి రావచ్చని ముందే చెబుతున్నాం. అది విని ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. ఆగిపోవడం వారి హక్కు.

మళ్లీ వెళ్లినప్పుడు ఏం జరిగిందంటే, ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. ఒక పెద్దాయన తన పాత యజమాని పేరు తీసేయమన్నారు. ఆయన మీద కోపం పోయిందట. ఒకావిడ తన గొంతు తాను విని, జలుబుతో ఉన్న రోజు మాట్లాడానని, ఇంకోసారి చెబుతానని పట్టుబట్టింది. రెండోసారి చెప్పినప్పుడు మొదట వదిలేసిన సంగతులు బయటికొచ్చాయి. ఒకరు మాత్రం మొత్తం వెనక్కి ఇచ్చేయమన్నారు. రాత్రి షిఫ్టు కార్మికుల జీవితం గురించి మన దగ్గర అంత వివరంగా ఉన్న రికార్డింగు అదొక్కటే. ఫైలు ఆయనకు ఇచ్చి, మన దగ్గరున్న ప్రతులన్నీ చెరిపేశాం. ఆ రోజు కార్యవర్గంలో ఎవరికీ మాట రాలేదు.

ఇక తేదీల సంగతి. రికార్డింగులు విని ఎత్తి రాసిన ప్రతులు చూసిన కొందరు సభ్యులు, మిల్లు మూతపడిన ఏడాదిని చాలామంది తప్పుగా చెబుతున్నారని, సరిదిద్దాలని రాశారు. దీనిపై ఒక అధ్యయన సమావేశం పెట్టాం. అక్కడ ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి పరిశీలన గురించి మాట్లాడుకున్నాం. టెర్ని పట్టణంలో లుయీజీ త్రాస్తుల్లి అనే యువ ఉక్కు కార్మికుడు 1949లో, నాటో వ్యతిరేక నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. కానీ అక్కడి కార్మికుల్లో చాలామంది ఆ మరణం 1953లో, ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేసినప్పుడు జరిగిందని చెప్పారు. పోర్టెల్లి ఆ పొరపాటును పక్కన పెట్టలేదు. వాళ్లకు ఎక్కువ బాధ కలిగించిన ఘట్టం దగ్గరికి జ్ఞాపకం ఆ మరణాన్ని తీసుకెళ్లిందని చూపించాడు. మన మిల్లు కార్మికులూ మూసివేతను సమ్మె జరిగిన ఏడాదితో ముడిపెట్టే చెబుతున్నారు. కాబట్టి గొంతులో ఉన్నది అలాగే ఉంటుంది. సరైన సంవత్సరం కింద సూచికగా వస్తుంది.

ప్రతుల భాష మీద కూడా చర్చ గట్టిగానే జరిగింది. మన వాలంటీర్లు మంచి ఉద్దేశంతోనే వాక్యాలు సాపు చేస్తున్నారు. మాండలికం పోతోంది, మధ్యలో ఆగిన చోట్లు పోతున్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ మాటల్లోనే మాట్లాడతారు. కొన్ని పేజీలు పైకి చదివాక ఎక్కువ వాదన అవసరం రాలేదు. 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మౌఖిక చరిత్ర పని మొదలైన తొలి రోజుల్లో, ఎత్తి రాయడం అయ్యాక టేపులు చెరిపి మళ్లీ వాడేవారు. కాగితం మిగిలింది, గొంతు పోయింది. మనం రెండూ ఉంచుతున్నాం.

నిల్వ గురించి క్లుప్తంగా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ ఫైలు, అంటే కుదించని ధ్వని ఫైలు, గంటకు ఒక జీబీ వరకు వస్తుంది. ప్రతి రికార్డింగుకూ మూడు ప్రతులు, రెండు రకాల నిల్వల్లో, ఒకటి వేరే భవనంలో. గ్రంథాలయంలో వినే మూల, విద్యార్థుల శిక్షణ ఎప్పటిలాగే సాగాయి. పాత వీధుల నడకలో ఈసారి కథ చెప్పినవాళ్లే ముందు నడిచారు. గైడు అవసరం రాలేదు. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.

ఎత్తి రాసేవాళ్లు చాలడం లేదు. ఒక గంట మాటకు ఆరు గంటలైనా కూర్చోవాలి. నెలకు ఒక్క రికార్డింగు తీసుకున్నా మాకు పెద్ద సాయం.

సర్వసభ్య సమావేశం ముందు పెట్టాల్సిన ప్రశ్న ఒకటుంది. మళ్లీ వినిపించేలోగా కొందరు పెద్దలు కాలం చేశారు. మొదటి అనుమతి ఉంది, రెండోది లేదు. వారి తరఫున పిల్లలు అవునంటే చాలా? పిల్లలకు చెప్పని సంగతులు అందులో ఉంటే, అనుమతి అడగడానికే ముందు వాళ్లకు వినిపించాలి కదా? కార్యవర్గంలో ఏకాభిప్రాయం రాలేదు. ఆ ఫైళ్లను ప్రస్తుతానికి మూసి ఉంచాం. మీరు ఆలోచించుకుని రండి.