మైకు పట్టడమూ పాఠమే

సంపాదకునికి,

మీడియా కోర్సుల్లో మొదటి సెమిస్టర్ చాలాచోట్ల సందేశం ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో చెప్పే 1948 నాటి షానన్, లాస్వెల్ నమూనాలను బోర్డు మీద గీయడంతోనే గడిచిపోతోంది. అవి అవసరమే. కానీ షానన్ చెప్పిన 'నాయిస్', అంటే సందేశాన్ని దారిలో చెడగొట్టే అలజడి, చెవికి ఎక్కాలంటే విద్యార్థి చేతికి మైకు ఇవ్వాలి. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టించాలి. సూటిగా పెడితే ప, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి ధబ్‌మంటుంది. రికార్డర్ మీటర్‌లో శబ్దం లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. మీటర్ పై హద్దయిన సున్నాకు తగిలి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. మాటలు మొదలయ్యే ముందు 30 సెకన్లు ఖాళీ గది శబ్దాన్నీ రికార్డు చేయించాలి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది అదే. బ్యాచ్‌కు ఐదుగురు మించితే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. ఈ పనికి పరీక్షలో సగం మార్కులైనా ఇవ్వండి.

– జర్నలిజం అధ్యాపకులు