రోజూ కొంచెం: సభ్యులందరికీ ఒక మాట

అందరికీ నమస్కారం. కొత్త అలవాటు చేసుకోవడానికి మన గ్రూపులో మీరు రాసిన లక్ష్యాలన్నీ చదివాను, చాలా సంతోషమేసింది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. "రోజూ చదువుతాను" అని రాసుకుంటే సరిపోదండీ. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని అయ్యాక అన్నది కూడా రాయండి. "రాత్రి భోజనమయ్యాక, ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌కి పెట్టేసి, రెండు పేజీలు" అని రాసుకోండి. ఎలాగూ రోజూ చేసే పనికి కొత్తదాన్ని ముడిపెడితే ఆ పాత పనే గుర్తుచేస్తుంది. రెండు పేజీలేనా అనుకోవద్దు. బాగా అలసిపోయిన రోజున కూడా చేయగలిగేంత చిన్నదే పెట్టుకోండి, ఓపికున్న రోజు ఎక్కువ చదువుకోవచ్చు.

21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందని చాలామంది నమ్ముతారు. అది నమ్మి, నెల దాటినా కష్టంగానే ఉందని మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. అలవాటు కుదురుకోవడానికి దాదాపు 66 రోజులు పడుతుందని వాళ్ల అంచనా. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని, గమనించిన 12 వారాలను బట్టి లెక్కగట్టారు! ఇంకో మంచి సంగతి, మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదట.

కాబట్టి నిన్న తప్పినవాళ్లు సంజాయిషీలేమీ రాయనక్కర్లేదు. ఈరోజుది చేసి ఒక టిక్ పెట్టండి చాలు. ఇంకా సమయం రాయనివాళ్లు ఈ రాత్రిలోగా మీ లక్ష్యం పక్కన రాసేయండి.