బాపూ, మచ్చ పడదా అని అడిగినవ్ గదా

బాపూ,

నేను మంచిగనే ఉన్న. సకినాలు అందినయి, సగం పొడి పొడి అయినయి గాని ఆ పొడి గూడ చెంచతోని తింటున్న, ఈసారి నువ్వులు ఎక్కువ పడ్డయని అమ్మకు చెప్పు, మంచిగున్నయి. పని నడుస్తుంది, చెప్పేదేం లేదు. ఇక్కడ మ్యూనిక్‌ల ఐదు కాకముందే పొద్దు గూకుతుంది, నేను ఆఫీసు నుంచి రూంకొచ్చే సరికి మీరు పండుకుంటరు.

మొన్న ఫోన్ల నేను కంప్యూటర్‌కు ఓఎల్‌ఈడీ అనే కొత్త రకం తెర కొంటనంటే నువ్వు "ఒక తెర ఉండంగ ఇంకోటెందుకురా, దానికి మచ్చ పడదా" అన్నవ్, నేను కోపం చేసి పెట్టేసిన. అప్పటి సంది మనసున పడ్తలేదు. ఫోన్ల నాకు సక్కగ చెప్పరాదు, అందుకే రాస్తున్న. నువ్వు టీవీలు విప్పి మమ్మల్ని సాదినోనివి, నీకు అర్థమైతది. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ధర కాడ జర దాటెయ్యి.

నువ్వు ఎల్‌ఈడీ టీవీలల్ల వెనక లైట్ స్ట్రిప్పులు మార్చేటోనివి గదా, ఈ ఓఎల్‌ఈడీల ఆ లైటే లేదు. ఒక్కొక్క చుక్క దానంతటదే ఎలుగుతది, నలుపు కావాల్నంటే ఆరిపోతది. అందుకే నలుపంటే అసలు నలుపు, కరెంటు పోయిన రాత్రి మన వెనకింట్ల ఉన్నంత. బొమ్మ గూడ గింతల మారుతది, కంపెనీలోళ్లు 0.03 మిల్లీసెకండ్లని రాస్తరు, ఆ లెక్క పక్కకు పెట్టు, గేమ్‌ల ఉరికేటోని వెనక తోక లెక్క మసక రాదు, నేను కండ్లార చూసిన.

ఇగ మచ్చ సంగతి. నీ అనుమానం కరెక్టే. చౌరస్తా కాడ టిఫిన్ సెంటరాయన టీవీ యాదికుందా, పొద్దంత ఒకటే వార్తల ఛానల్, బంద్ చేసినా మూలకు ఆ గుర్తు కనపడేది, "ట్యూబే కాలింది, ఇగ నా చేతుల లేదు" అన్నవ్. ఇది గూడ అదే జాతి. ఆ చుక్కలు ఎలిగిన కొద్దీ అరుగుతయి, అండ్ల నీలం అన్నిటికన్న ముందు అలసిపోతది. ఒకే కాడ ఒకే బొమ్మ నెలలకు నెలలు నిలబడితే అక్కడ నీడ పడ్తది. కంప్యూటర్‌కు ఇంకా భయం, తెర కింద గుర్తుల పట్టీ (టాస్క్‌బార్) పొద్దంత కదలదాయె. అందుకే ఆ పట్టీ కనపడకుండ పెడ్త, వెనక బొమ్మ నల్లగ పెడ్త, ఐదు నిమిషాలు ముట్టకపోతే ఆరిపోతది. కొన్ని గంటలు నడిచినంక అది నిద్రల ఉన్నప్పుడు తనకు తానే చుక్కలు సరిచేసుకుంటది, దానికి కరెంటు ఉండాలె. నువ్వు రాత్రి బోర్డు మీద స్విచ్‌లన్ని బంద్ చేస్తవ్ సూడు, దీనికి ఆ అలవాటు పనికిరాదు. మచ్చకు గూడ 3 ఏండ్ల వారంటీ అని రాసున్నదే చూసుకున్న.

దుకాణంల రెండు రకాలు చూసిన. ఒకటి ఎల్‌జీ వాళ్ల ప్యానెల్, డబ్ల్యూఓఎల్‌ఈడీ అంటరు, దాంట్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాకుండ తెల్ల చుక్క ఒకటి ఎక్కువుంటది. ఇంకోటి సామ్‌సంగ్ వాళ్లది, క్యూడీ-ఓఎల్‌ఈడీ, రంగులు చూస్తే బతుకమ్మ పేర్చినట్టే, తంగేడు తంగేడే, గునుగు గునుగే. గాని లైటు కింద పెడితే దాని నలుపు వంకాయ రంగు దిక్కు తిరుగుతది. అద్దం లెక్క మెరుస్తది గూడ, వెయ్యి స్తంభాల గుడి నంది లెక్క నా మొఖమే నాకు కనపడ్డది. నా కుర్చీ వెనకనే కిటికీ, ఎండాకాలం ఇక్కడ తొమ్మిది దాక ఎలుగే. సరే మొదటిదే తీసుకుందామని చూస్తే దుకాణంల ఉన్నది 27 అంగుళాల 1440పీ, అంటే పై నుంచి కిందికి 1440 చుక్కల వరుసలు, అక్షరాల అంచులకు రంగు కనపడ్డది. విండోస్ అక్షరాలు గీసేది ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగ ఉన్నయనుకొని, వీటిల చుక్కల వరుస వేరే. రెండో దాంట్ల గూడ ఆ రోగం ఉన్నది. చిన్నప్పుడు నేను స్పీకర్ అయస్కాంతం టీవీ మీద పెడితే మూలంత రంగులైతే నువ్వు కాయిల్ తిప్పి సాఫ్ చేసినవ్, నన్ను కొట్టలే, ఆ రోజు యాదికొచ్చింది. దీన్ని సాఫ్ చేసే కాయిల్ లేదు, చుక్కలు చిన్నగైతే కండ్లకు ఆనదు, అంతే. ఆ రెండో రకంలనే, 27 అంగుళాలల్లనే, 4కె అయితే చుక్కలు ఇంకా చిన్నగ, అంగుళానికి 160 చుక్కల పైన, దాంట్ల నాకైతే కనపడలే.

చిన్నోడేమో "1440పీ, 360 హెర్ట్జ్ తీసుకో అన్నా" అంటడు, హెర్ట్జ్ అంటే తెర సెకండుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తదో ఆ లెక్క. వాని చేతులకు అది, నా చేతులకు కాదు. నా కంప్యూటర్ల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు 4కెల సెకండుకు తొంభై బొమ్మలు తెస్తే గొప్ప, ఆ 4కె తెరకున్న 240 హెర్ట్జ్ ఉత్తగ పోతదని గూడ తెలుసు. అయినా దీని మీద నేను ఎక్కువ సదివేది అక్షరాలే, ఆడేది వారానికి ఒక రాత్రి.

అందుకే క్యూడీ-ఓఎల్‌ఈడీ 4కెనే ఆర్డర్ పెట్టిన, దొడ్డు కర్టెన్ గూడ కొన్న. తెల్ల పేజీలు నిండుగ తెరిస్తే ఎలుగు తగ్గుతది, పట్టీ అరుగుడు వేరే, అందుకని ఆఫీసు పని పాత ఐపీఎస్ తెర మీదనే, అది వెనక లైటున్న రకమే. నచ్చకపోతే 14 రోజులల్ల కారణం చెప్పకుండ వాపస్ ఇయ్యొచ్చు, ఆన్‌లైన్ల కొన్నదానికి ఇక్కడ కానూనే ఉంది. ధరంటవా, అర తులం కన్న ఎక్కువ, తులం కన్న తక్కువ. టికెట్ పైసలు ముట్టలే బాపూ, ఒట్టు. మేడారం ఈసారి రాలేను, సెలవు దొరకలే, నా పేరు మీద బంగారం ఎత్తుండ్రి, బెల్లమే కాబట్టి సరిపోయింది.

అమ్మ కంట్ల చుక్కలు టైముకు ఏస్తున్నవా? నా కండ్ల గురించి రంది పడొద్దను, అద్దాల నంబరు పెరగలే.

ఇంకొకటి. నేను ఆడేది ఆటకోసమే కాదు. చిన్నోడు ఫోన్ చేస్తే "ఆ, మంచిగున్న" అని పెట్టేస్తడు, హెడ్‌సెట్ పెట్టుకొని ఆడుకుంటుంటే కాలేజీ సంగతులు, నీ మోకాలు నొప్పి, చెరువు కట్ట మీద ఎవరు కలిసిండ్రు, అన్నీ చెప్తడు. నీ మోకాలు సంగతి నాకు అట్లనే తెలిసింది, నువ్వైతే చెప్పలేవాయె. మా శనివారం ఆట మొదలయ్యే సరికి మీకు పదకొండు దాటుతది. ఆ ఒక్క రాత్రి వైఫై డబ్బ స్విచ్ బంద్ చేయకు.

నీ పెద్దోడు