ఇరవయ్యో తేదీ ద్వారా కట్టాలట!

సంపాదకుల వారికి,

కడపలో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఈ మధ్య ఒక వేరుశనగ రైతు నోటీసు పట్టుకుని వచ్చారు. ‘బకాయిని 20వ తేదీ ద్వారా చెల్లించవలెను’ అని ఉంది. “ఇరవయ్యో తేదీ ద్వారా అంటే ఎవరి ద్వారా సార్? మధ్యలో ఎవరినైనా పట్టుకోవాలా?” అని అడిగారు. నవ్వొచ్చింది గానీ, ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

కాగితం వెనక్కి తిప్పితే ఇంగ్లిషు. అక్కడున్నది ‘బై’. అనువాదం చేసిన యంత్రం దానికి తనకు తెలిసిన ఒకే తెలుగు మాట తగిలించింది. పాత ఇంగ్లిషులో ‘బై’ అంటే దగ్గర, పక్కన. ఇప్పుడు అది చేయని పని లేదు. బస్సుకు తగిలితే ‘బస్సులో’, డజనుకు తగిలితే ‘డజను లెక్కన’, పొరపాటుకు తగిలితే ‘పొరపాటున’. నేను రాసే స్థలాల కొలతల్లో మాత్రం ‘ముప్పై బై నలభై’ అని అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ‘ముప్పై ద్వారా నలభై’ అనరు, ఇంకా.

గడువు చెప్పే ‘బై’కి మనకు చక్కని మాట ఉంది: ‘కల్లా’. సాయంత్రానికల్లా వస్తాను అంటే ఈలోపు ఎప్పుడైనా రావచ్చు, ఆ వేళ దాటదు. సాయంత్రం వరకు ఉంటాను అంటే అంతసేపూ కూర్చోవాలి. అది ఇంగ్లిషులో ‘టిల్’. ‘20వ తేదీలోగా’ అని రాసినా ఇరవై కలుస్తుందా, కలవదా అని నా బల్ల ముందు ఎన్ని వాదాలో! ‘20వ తేదీ సాయంత్రం 5 గంటలకల్లా’ అంటే గొడవే లేదు.

1820లో ఈ ఊరికి వచ్చిన బ్రౌన్ దొర తెలుగు కోసం పండితులకు జీతాలిచ్చి మరీ పోషించారు. ఈ నోటీసు పంపినవారు జీతం ఇవ్వనక్కర్లేదు, అచ్చుకు ముందు గుమాస్తాతో ఒకసారి పైకి చదివించుకుంటే చాలు. మీ పత్రికలోనూ ‘మంత్రిచే ప్రారంభించబడిన’ భవనాలు అప్పుడప్పుడు కనిపిస్తున్నాయి. అవీ ‘బై’ కట్టినవే.

ఆ రైతు 18నే కట్టేసి, రసీదు చూపించడానికి వచ్చారు. అడుగున ‘ద్వారా స్వీకరించబడింది’ అని అచ్చు, పక్కన గుమాస్తా సంతకం. “మధ్యలో మనిషి ఈయనే కాబోలు సార్” అన్నారు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి, కడప