ఎలుకల కోసం ఇంటి కరెంటు పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి, టీవీ రిపేర్లు చేస్తుంటాను. ఇంట్లో ధాన్యం బస్తాలుంటాయి కాబట్టి ఎలుకలు, పందికొక్కులు మాకు కొత్త కాదు. కానీ ఈ మధ్య మా పక్కింటాయన వాటిని చంపడానికి ప్లగ్గు నుంచి పైన తొడుగు లేని తీగ లాగి కొట్టు గుమ్మం దగ్గర పరిచాడు, రాత్రి కట్టు తెంపుకొచ్చిన దూడ దానికి తగిలి చచ్చిపోయింది. ఆ ఇంట్లో నాలుగేళ్ల పాప ఉందండీ! తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి. ఫ్యూజు కొట్టేస్తుందిలే అంటారు. ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండా చూడటానికి, 5 ఆంపులు దాటితే గానీ పోదు, మనిషి ప్రాణం పోవడానికి అందులో చిన్న వంతు చాలు. షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీని 30 మిల్లీఆంపులు (వెయ్యి మిల్లీఆంపులైతే ఒక ఆంపు) లీకైతేనే ఆఫ్ అయ్యేలా చేసేది అందుకే. మా వీధిలో చాలా ఇళ్లకి అది లేదు.

నేను ముందు 555 ఐసీ అనే చిన్న టైమర్ చిప్పుతో మనకి వినపడని శబ్దం చేసే బాక్సు కట్టాను. నాలుగు రోజులు సందడి లేదు, ఐదో రోజు దాని వెనక బస్తా మీదే పెంటికలు. ఆ శబ్దం గోడలు, బస్తాలు దాటి పోదు, పైగా ఎలుకలు అలవాటు పడిపోతాయి. దానికి డబ్బు దండగ.

పనిచేసింది మాత్రం బోను. పాత బోనులో కొక్కేనికి గుచ్చిన ఎండుచేపని చిట్టెలుకలు కొక్కెం కదలకుండా కొరుక్కుపోయేవి. ఇప్పుడు ఎర దగ్గర ఐఆర్ సెన్సార్ (కంటికి కనపడని వెలుగుతో ఎదుట ఉన్నదాన్ని పసిగట్టేది) పెట్టాను, ఎలుక దాని ముందుకి రాగానే రిలే అనే కరెంటు స్విచ్చు పడి, చిన్న సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతం) పిన్ను లాగితే తలుపు దబ్బున పడుతుంది, బజర్ మోగుతుంది. అంతా 12 వోల్టుల బ్యాటరీ మీదే, పిల్లలు ముట్టుకున్నా షాక్ కొట్టదు. ఒక్కటే జాగ్రత్త, బ్యాటరీని ఛార్జింగ్‌లో ఉంచి బోనుకి కలపకూడదు, ఛార్జర్ పాడైతే మళ్లీ ఇంటి కరెంటే రావచ్చు.

దయచేసి మీ ఆదివారం పేజీలో ఇలాంటి సర్క్యూట్ ఒకటి బొమ్మతో వేయండి, ఐటీఐ కుర్రాళ్లు ఒక పూటలో కట్టేస్తారు. పక్కింటాయన తీగ తీసేసి నా బోను పట్టుకెళ్లాడు. మా ఇంటికి ఇంకోటి కడుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి